జగన్నాధం కొన్న పెద్ద కెమెరా

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో నరసింగరావు ముప్పై ఆరేళ్లు ఫొటో స్టూడియో నడిపాడు. ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుండే పాత కెమెరాతో, రోలుకు పన్నెండే బొమ్మలొచ్చే వెడల్పాటి ఫిల్ముతో, చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నీ తీశాడు. డిజిటల్ వచ్చాక పాస్‌పోర్టు ఫొటోలకు దిగాడు. అతనికి మనుషుల మీద పెద్ద గౌరవం లేదు. అన్నేళ్లు వాళ్ల గెడ్డాలు పట్టుకుని సరిచేసినవాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

2015లో వడ్ల వ్యాపారి జగన్నాధానికి ఆ వెడల్పు ఫిల్ము మీద మోజు పుట్టింది. డిజిటల్ అందరూ తీస్తారని శ్రీకాకుళం ఫొటో క్లబ్బులో ఎవరో అన్నారట. ఆర్నెల్లపాటు సాయంత్రమయ్యేసరికి స్టూడియోలో వచ్చి కూర్చునేవాడు.

"ఉత్త కెమెరా కాదు నరసింగం, సిస్టమ్ కావాల. నాలుగు లెన్సులు, మార్సుకోడానికి రెండు ఫిల్ము డబ్బాలు. ఏది కొనమంటావు?"

"ఏటి తీస్తారు బాబూ?"

"తీస్తాను."

"మనుసులా, కొండలా? దాన్నిబట్టి కదా సెప్పాల. భుజాన మోసుకు తిరగాలంటే తేలికది కావాల."

"ముందు కొననీ. తియ్యడం దానంతటదే వస్తాది."

నరసింగరావు బల్ల తుడుచుకోసాగాడు. గోడకు చెప్పినా ఇంతకంటే వింటుందనుకున్నాడు.

విశాఖపట్నంలో మూతపడిన ఒక స్టూడియో సామాను అమ్మకానికొస్తే ఇద్దరూ వెళ్లారు. బల్ల మీద మూడు కెమెరాలు పెట్టారు. నాలుగు గింజలు పంటికింద కొరికితే గాని వడ్లు కొనని మనిషి, ఒక్క కెమెరాలోకీ తొంగి చూడలేదు. మూడింటినీ చేత్తో ఎత్తి చూసి, అన్నిటికన్నా బరువైనది తీసుకున్నాడు. దాని లెన్సులన్నీ ఒక సూట్‌కేసు నిండా అయ్యాయి.

రెండు వారాలకు మొదటి రోలు కడగమని తెచ్చాడు. నరసింగరావు కడిగి, ఆరేసి, వెలుతురుకు పట్టి చూశాడు. ఒక్క బొమ్మా లేదు, ఫిల్ము గాజుపలకలా తేటగా ఉంది.

"ఫిల్ము తిరగేసి ఎక్కించారు బాబూ. ఫిల్ము ఎనకాల ఉండాల్సిన కాయితం లెన్సు ముందుకి వచ్చింది. కాయితాన్ని ఫొటో తీశారు."

"ఫిల్ము పాతదై ఉంటాది," అన్నాడు జగన్నాధం. మిగిలిన రోళ్లు బల్ల మీద పడేసి, "నువ్వే వాడుకో," అని వెళ్లిపోయాడు. మరుసటి నెల అదే కెమెరా మెడలో వేలాడేసుకుని క్లబ్బులో ఫిల్ము గొప్పతనం మీద గంటసేపు మాట్లాడాడు. అతను రమ్మంటే వెళ్లి వెనక వరసలో కూర్చున్న నరసింగరావు నవ్వలేదు. నవ్వడం కూడా దండగనిపించింది.

ఆ రోళ్లలో ఒకటి తన పాత కెమెరాకు ఎక్కించాడు. బందరువానిపేట నుంచి బస్సులో చేపల తట్టతో వచ్చే అసిరమ్మ, మనవరాలి ఇంట్లో పెట్టుకోడానికి తన ఫొటో ఒకటి కావాలని ఏడాదిగా అడుగుతోంది. తట్ట దించనివ్వకుండా ఎండలోనే నిలబెట్టాడు.

"నవ్వాలా బాబూ?"

"నవ్వొస్తే నవ్వు."

ఆమెకు నవ్వు రాలేదు. విసుగ్గా చూసింది. ఆ చూపే దొరికింది. నుదుటి ముడతలు, తట్ట నుంచి చెంప మీదకు కారిన నీటి చార, అన్నీ పడ్డాయి.

ప్రింటు ఆరుతుండగా జగన్నాధం వచ్చాడు. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఈసారి మనిషి కనిపించిందేమోనని నరసింగరావు ఆగాడు.

"ఇది ఏ లెన్సు?"

నరసింగరావు ప్రింటు వెనక్కి తీసుకుని కవర్లో పెట్టాడు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన మనిషిని లోపలికి పిలిచి, గెడ్డం కొంచెం పైకెత్తమన్నాడు.