సొరంగంలో చింతకాయ పచ్చడి

మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు నేను టిఫిన్ క్యారియర్ మూత తీశాను. ఆ రోజుల్లో నాకు ఆకలి ఎంత ఉండేదో, పుస్తకం మీద నమ్మకమూ అంతే ఉండేది. డెబ్బై తొమ్మిదో ఎనభయ్యో, సరిగా గుర్తు లేదు. మర్రిపాడు దారిలో కాలువ కోసం ఒక కొండను తొలిచి సొరంగం తవ్వుతున్నారు. నేను అక్కడ కొత్త సూపర్‌వైజర్ని. మందు పేల్చి పొగ పోయాక, కూలీలకంటే ముందు ఒకాయన ఒక్కడే లోపలికి వెళ్లేవాడు. ఉదయగిరి సాయిబు, అందరికీ గడ్డపార మామ. గోడల్నీ పైకప్పునూ గడ్డపారతో తట్టి వినేవాడు. గట్టి రాయి గంటలా మోగుతుంది, లోపల పగిలింది ఖాళీ డబ్బాలా పలుకుతుంది. అలా పలికిన పెళ్లలన్నీ ఊడదీశాకే మిగతావాళ్లను రమ్మనేవాడు.

దానికి అరగంట పట్టేది. ఆ అరగంట మేస్త్రీకి కంటగింపు. "ఈయన సంగీతం వినేదానికా సార్ మనం ఉండేది? ఈ తట్టేది అక్కర్లేదని మీరొక ముక్క రాసియ్యండి, పంపించేస్తాను" అన్నాడు. నా రాతతో మామ కూడు పోతుంది. అందుకని రాసేముందు ఒక పరీక్ష పెట్టాను (న్యాయబుద్ధి అనుకునేరు, ఒట్టి కుతూహలం). బయట కుప్పేసిన బండల దగ్గరికి తీసుకెళ్లి, పగుళ్లు చూసి చెబుతాడేమోనని కళ్లకు తువ్వాలు కట్టాను. "ఏంది మామా, ఈ వయసులో దాగుడుమూతలు?" అని కూలీలు ఒకటే నవ్వు. "సార్‌తో ఆడేదానికి పిల్లకాయలు దొరకలేదంటరా, నన్ను పిలిచినాడు" అన్నాడు మామ. ఆయన బోలు అన్న బండ ఒక్క సమ్మెట దెబ్బకు విచ్చుకుంది. గట్టిది అన్నదాన్ని కొట్టి కొట్టి మనుషులు అలిసిపోయారు.

అయినా ఒక గోడ విషయంలో నేను పట్టు వదల్లేదు. పేలుడు తర్వాత గోడ మీద, మందు కూరడానికి తొలిచిన బెజ్జాల గాడులు సగం సగం చెక్కుచెదరకుండా మిగిలితే, వెనక రాయికి దెబ్బ తగలనట్టేనని పుస్తకంలో ఉంది. ఆ రోజు ఎడమ గోడ మీద గాడులు రూళ్ల కాగితంలా ఉన్నాయి. మామ తట్టి, "ఇది బోలుగా ఉండాది సార్" అన్నాడు. నేను పుస్తకం సంగతి చెప్పాను. "అయితే ఆ పుస్తకం రాసినాయన్ని దీని కింద కూసోమనండి" అన్నాడు. రాసినాయన దొరకడు కాబట్టి నేనే కూర్చుని క్యారియర్ విప్పాను.

మామ అరవలేదు. (అరిస్తే పంతానికి కదలనని తెలుసట.) "సార్, ఆ చింతకాయ పచ్చడి రవ్వంత తెచ్చిపెట్టండి. ఇంకాసేపటికి దొరకదు" అన్నాడు. గిన్నె పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను వెనక్కి నెట్టి, పక్కనుంచి ఆ గోడలోకి గడ్డపార మొన దూర్చి ఒత్తాడు. తలుపంత పలక ఊడి క్యారియర్ మీద పడింది. గాడులు మాత్రం చెక్కుచెదరలేదు, పలకతో పాటే వచ్చేశాయి. గోడ వెంట బెజ్జాల్లో మందు లెక్క ప్రకారమే పెట్టారు. వాటి పక్క వరసలో మేస్త్రీ తొందరపడి ఎక్కువ కూరించాడు. ఆ దెబ్బ గోడను దాటి వెనక పొరను విడదీసింది.

"క్యారియర్లో పప్పుండిందా సార్?" అన్నాడు మామ, పచ్చడి నాకుతూ.

"ఉండింది."

"ఇప్పుడు బాగా మెదిగుంటాది."

ఆ సాయంత్రమే మేస్త్రీకి ముక్క రాసిచ్చాను, మామ తట్టనిదే ఎవరూ లోపలికి పోకూడదని. కారణం రాయాల్సిన చోట క్యారియర్ సంగతి దాచాను.

పోయిన వానాకాలంలో మామ కాలం చేశాడు. ఉదయగిరి వెళ్లి పిడికెడు మట్టి వేసి వచ్చాను. "మా నాయన మీ పేరెప్పుడూ చెప్పలేదు సార్, పచ్చడి సార్ అనేవాడు" అన్నాడు కొడుకు. అంత దుఃఖంలోనూ ఇద్దరం నవ్వాం. ఆ సొరంగంలో ఇప్పుడు నీళ్లు పారుతున్నాయి. ఆ గోడల్ని ఎవరూ తట్టి వినడం లేదు.