దేవకుమార్ దించిన కార్నెట్

అది 1979వ సంవత్సరం, ఫిబ్రవరి పదవ తేదీ, శనివారం. జనవరిలో కురిసిన మంచు షికాగో వీధుల పక్కన నల్లబడి, రాళ్ళకుప్పల్లా బిగుసుకుపోయి ఉంది. గాలి చెవులు కోస్తోంది. షికాగో శివారు షామ్‌బర్గ్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చిన దేవకుమార్, నగరానికి దక్షిణాన ఉన్న ఒక చిన్న స్టూడియో ముందు దిగాడు. లోహం చల్లబడితే శ్రుతి తగ్గుతుందని కార్నెట్‌ను కోటు లోపల గుండెకు ఆనించి పెట్టుకున్నాడు.

కార్నెట్ అంటే ట్రంపెట్ కాదు. చూపులకు రెండూ అన్నదమ్ములే గాని, కార్నెట్ పొట్టిది, దాని గొంతు మెత్తనిది. మనవాళ్ళు రెంటినీ కలిపి బాకా అనేస్తారు. వీణనూ తంబురానూ ఒకే పేరుతో పిలిచినంత అన్యాయం అది. అయినా ఆ తగవు ఇప్పుడు తేలేది కాదు గనుక దేవకుమార్ దగ్గరికే వద్దాం.

బాపట్ల దగ్గరి ఒక చర్చిలో, రత్నం మాస్టారి బ్యాండులో, అతడు తొమ్మిదో ఏట కార్నెట్ పట్టాడు. బ్యాండు గది గోడ మీద నల్లరంగుతో ఒక నియమం రాసి ఉండేది: తప్పు వాయించినవాడు వాద్యం దించి చెయ్యి ఎత్తవలెను. తప్పెవరిదని మాస్టారు వెతుక్కోనక్కర లేదు. అందరూ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవారు. ఇది సాధనలో మాత్రమే. ఆరాధనలో, జనం ముందు, ఏం జరిగినా ఆగకూడదు.

1971లో భార్య నవోమికి నర్సు ఉద్యోగం రావడంతో ఇద్దరూ అమెరికా చేరారు. అతడు ఆసుపత్రి లాబ్‌లో రక్తపరీక్షలు చేసేవాడు. ఒకనాడు రికార్డుల దుకాణంలో హార్డ్ బాప్ అనే జాజ్ చెవినపడింది. బ్లూస్ దిగులూ, నల్లవారి చర్చిపాటల ఊపూ కలిసిన సంగీతం అది. చర్చి ఊపు తనకు తెలిసిందే కదా అనుకుని, ఆదివారం ఆరాధన కాగానే నగర దక్షిణభాగంలోని క్లబ్బులకు వెళ్ళి వాయించసాగాడు. అక్కడ సాక్సఫోన్ విద్వాంసుడు ఓటిస్ గ్రేడీ అతణ్ణి విని, తన క్వింటెట్‌లో, అంటే అయిదుగురి మేళంలో, చేర్చుకున్నాడు. రెండు రికార్డులు వచ్చాయి. రెంటిలోనూ బాణీలన్నీ గ్రేడీవే. మూడోదానిలో చివరి పాట దేవకుమార్ సొంతబాణీ అని ఒప్పందం. తండ్రి పనిచేసిన ఉప్పుమళ్ళను తలుచుకుంటూ అయిదేళ్ళు చెక్కి, దానికి ‘ఉప్పుకొఠారు’ అని పేరు పెట్టుకున్నాడు.

ఆ శనివారం వాయించవలసింది అదే. మూడుసార్లు వాయించారు; కుదరలేదు. నాలుగోసారి కుదిరింది; గ్రేడీ సాక్సఫోన్ ఎక్కడికో వెళ్ళిపోయింది. పియానో అతను కళ్ళు మూసుకున్నాడు. ఇక మొదటి బాణీ తిరిగి ఎత్తుకుని ముగించడమే మిగిలింది. మూడో వరుసలో దేవకుమార్ వేలు ఒక్క స్వరం తడబడింది.

ఎదుట జనం లేరు. శరీరం దాన్ని సాధన అనుకుంది. తనకు తెలిసేలోగా కార్నెట్ కిందికి దిగింది, కుడిచెయ్యి పైకి లేచింది. మిగిలిన నలుగురూ కొంత సాగి, ఒక్కొక్కరే ఆగిపోయారు. అద్దం వెనుక టేపు ఆపేశారు. పియానో అతనికి రైలు వేళయింది. మరోసారి వాయించే ఓపిక గ్రేడీ పెదవులకు లేదు.

ఆయన కోప్పడలేదు. మెల్లగా అన్నాడు: “నువ్వు చెయ్యి ఎత్తేదాకా ఆ తప్పు నాకు వినబడలేదు, దేవ్.”

ఇంట్లో నవోమి అంతా విన్నది.

“అక్కడ కూడా చెయ్యెత్తారా?”

“అలవాటు.”

“ల్యాబ్‌లో రిపోర్ట్ తప్పయితే ఎత్తండి, డాక్టర్లు థాంక్స్ చెప్తారు. జాజ్‌లో ఎవరు అడిగారండీ మిమ్మల్ని?”

అతడు కార్నెట్‌ను కోటులోంచి తీసి బల్లమీద పెట్టాడు.

మే నెలలో రికార్డు వచ్చింది. ‘ఉప్పుకొఠారు’ స్థానంలో గ్రేడీ పాతబాణీ ఒకటి ఉంది. వచ్చే రికార్డులో పెడదామని గ్రేడీ మాట ఇచ్చాడు గాని, ఆ వచ్చే రికార్డు రానేలేదు. క్లబ్బులు డిస్కో పాటలకు మళ్ళాయి. గ్రేడీ డెట్రాయిట్‌లోని కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. దేవకుమార్ తానే ఒక మేళం కూర్చబోతే డ్రమ్స్ అతను రెండు వారాలు వచ్చి మానేశాడు. కంపెనీలకు పంపిన టేపులకు అచ్చువేసిన ఉత్తరాలు తిరిగివచ్చాయి. అతని దగ్గర మిగిలింది ఆ నాలుగోసారి వాయించినదాని క్యాసెట్ ఒక్కటే. రోజూ కారులో ఆసుపత్రికి వెళుతూ పెట్టుకునేవాడు. సరిగ్గా ఆ చోటు రాగానే కుడిచెయ్యి స్టీరింగ్ మీదినుంచి దానంతటదే లేచేది. అప్పుడు తనమీద తనకే ఒళ్ళు మండేది.

1988 నవంబరులో అతడు రత్నం మాస్టారికి ఉత్తరం రాశాడు:

“మాస్టారు గారికి ప్రభువు నామమున వందనములు. గ్రేడీ గారు ఆగస్టులో చనిపోయారు. వారి అమ్మాయి నాకొక టేపు పంపింది. నేను పాడుచేసిన టేపే. పెట్టెమీద ఆయన చేతిరాత ఉంది: ‘అన్నిటిలోకి మంచిది’. ఆ మాట పదేళ్ళ కిందట నాకు చెప్పి ఉంటే బాగుండేది. మీమీద కోపం లేదని రాయబోయాను. అది అబద్ధం. కొంచెం ఉంది. ఈసారి బ్యాండు గదికి సున్నం వేయించేటప్పుడు గోడమీది ఆ అక్షరాల మీద కూడా వేయించండి. ఇక్కడ మన తెలుగు చర్చి పిల్లలు ఆరుగురికి కార్నెట్ నేర్పుతున్నాను. తప్పు వాయించినా ఆగవద్దని చెప్పాను. వాళ్ళు ఆగడం లేదు. నా చెయ్యే లేస్తోంది. జేబులో పెట్టుకుని నిలబడుతున్నాను.”