కొబ్బరినూనె సీసాలో వచ్చింది

"అమ్మా, గీ అట్ట మీద గంజాయి ఆకు బొమ్మ ఉన్నదేందే?"

"ఉంటే ఏమైంది? మోకాళ్ల నూనె అది. మత్తు తీసేసిన్రట. డాక్టరు చిట్టీ చూయించి కొన్న, దొంగసొత్తు కాదు. ఆడ మన దేశంల సర్కారే లైసెన్సు ఇచ్చింది."

"ఆడ ఇచ్చింది, ఈడ ఇయ్యలే! ఈడ చుక్క దొరికినా జైలే. మీ అల్లునికి ఈడ ఉండనిచ్చే ఇకామా కార్డు పోతది, ఆస్పత్రిల నౌకరి పోతది."

సౌదీలోని అభాలో నా కూతురింటి వంటగది అది. కొండల చలికి మోకాళ్లు పట్టేస్తాయని ఆ నూనె వెంట తెచ్చుకున్నాను. పారేయడం చేతకాక, దాని అట్టపెట్టెను విప్పి మిరపపొడి డబ్బా కింద పరిచాను. అక్కడే బిడ్డ కంట పడింది.

"మరి సీసా ఏది?"

చూపించాను. గాజుసీసా బరువని, విమానంలో సామాను తూకం మించుతుందని, ఖాళీ కొబ్బరినూనె సీసాలోకి వంపుకొని తెచ్చాను.

"దాచి తెచ్చినట్టే ఉన్నదమ్మా. పొదుపు కోసమంటే ఎవలు నమ్ముతరు?"



బిడ్డ సీసా ఎత్తి చూసింది. "సగమే ఉన్నది?"

"కింది ఇంటామె కాళ్లనొప్పులంటే చిన్న సీసాల పోసిచ్చిన."

బిడ్డ కుర్చీలో కూలబడింది. "వాళ్లాయనకు గూడ ఇకామానే గదనే! దేశం కాని దేశంల ఆమె కొంపెందుకు ముంచుతవు? వాపసు తేవాలె."

"నువ్వు పోయి అడుగు."

"ఇచ్చింది నువ్వు."

పెరుగు తోడు కూడా ఇచ్చి తిరిగి అడిగినదాన్ని కాను. వాళ్లింటికి తాళం ఉంది. రియాద్ నుంచి తెల్లారి వస్తారట.

మర్నాడు పొద్దున మెట్ల కమ్మీ పట్టుకొని రెండంతస్తులు దిగాను. ఆమె తలుపు తీసింది.

"అమ్మా, నేనిచ్చిన నూనె తిరిగియ్యి. ఈ దేశంల అది నేరమట. తెల్వక ఇచ్చిన."

"అయ్యో పిన్నిగారూ, ఇంకా మూతే తియ్యలేదండీ," అంటూ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె ముఖం పాలిపోయింది.

పైకొచ్చాక రెండు సీసాల నూనె తూములో పోసి, సబ్బునీళ్లు కుమ్మరించాం. బిడ్డ అట్టను ముక్కలు చేసింది, ప్లాస్టిక్ సీసాలను కత్తెరతో కోసేసింది. కడిగి దాచుకోదగ్గ సీసాలు. ముక్కలకు నేనే చెత్తసంచి పట్టాను.