నగరిలో ఏడో నంబరు కుట్టిన రోజు

మా పాపకు పాత చీరలతో బొంత కుడుతూ, నడుమ అందంగా ఉంటుందని మా ఆయన పెట్టెలో దొరికిన ఎర్ర గుడ్డముక్క ఒకటి వేశాను. అది ఏడు అంకె ఆకారంలో ఉంది. అంచులంతా సూది రంధ్రాలు, లేచిన పీచులు. అందుకని కత్తెరతో చుట్టూ కొంచెం కత్తిరించి నున్నగా చేశాను కూడా. ఆయన బొంతను చూసి అన్నం సగంలో వదిలేశారు. నాలుగు రోజుల తర్వాత పాప ఆ ఏడును పట్టుకుని లాగుతుంటే అప్పుడు చెప్పారు. అది ఆయన చిన్నప్పుడు నగరిలో ఆడిన పిల్లల ఫుట్‌బాల్ క్లబ్బు నంబరట. తిరిగి ఇవ్వాల్సింది ఇవ్వలేక పన్నెండేళ్ళుగా దాచుకున్నారట. "ఇచ్చేసి వద్దాం పదండి" అన్నాను. పోయిన ఆదివారం పాపను మా అమ్మ దగ్గర వదిలి, బొంతను సంచిలో పెట్టుకుని బయలుదేరాం. నేను ఏడో తరగతి వరకే చదివాను, తప్పులుంటే మన్నించండి. పిల్లలను ఆ క్లబ్బుకు తీసుకెళ్ళాలనుకునే వాళ్ళకు దారి తెలుస్తుందని రాస్తున్నాను.

తిరుపతి బస్టాండులో ఆరు గంటలకు పుత్తూరు మీదుగా నగరి వెళ్ళే బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే నాకు సున్నా టికెట్టు ఇచ్చారు, ఆయనకు వంద రూపాయల లోపే. మా మాటలు విన్న కండక్టరు, "ఫుట్‌బాలాటకా పోయేది? అట్లయితే పుత్తూరులోనే దిగండప్పా, కాలికి ముందే కట్టు కట్టించుకోని పోవచ్చు" అన్నాడు. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు పేరుమోసింది కదా, బస్సంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. పుత్తూరు దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా చెప్పారు.

"పదారేండ్లు నిండితే నంబరు ఇచ్చేయాల. చొక్కా మనదే, నంబరు మాత్రం క్లబ్బుది. పోయేవాని ఇంట్లో ఆడోళ్ళు వచ్చి, దాన్ని కొత్త బిడ్డ చొక్కాకు కుట్టాల. మాయమ్మ కుడతానని దారం గూడా కొనిపెట్టింది. ఆ నెల్లోనే పోయింది. నాయన నన్ను తిరపతికి తీసకచ్చేసినాడు. కుట్టేదానికి ఎవర్ని పిల్చుకోని పోదును?"

మళ్ళీ నావైపు తిరిగి, "ఆడ అంచు గురించి అడిగితే నువ్వు గమ్మునుండు. నేను చెప్పుకుంటా" అన్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఎనిమిదికి ముందే నగరిలో దిగాం. బస్టాండు ఎదుట పొంగలి తిన్నాం, వేడిగా, మిరియాలు ఘాటుగా ఉంది. ఆటోవాడిని పిల్లలు బంతాట ఆడే మైదానం అని అడిగితే, "తాత క్లబ్బా? ఎక్కండన్నా" అని మనిషికి ఇరవై తీసుకున్నాడు. మరమగ్గాల చప్పుడు వినిపించే వీధి చివర, మట్టి మైదానం. గోలు కర్రలకు బదులు పాత మగ్గం దూలాలు పాతి ఉన్నాయి.

తాత పేరు అరుణాచలం, మరమగ్గాల మెకానిక్కు. మా ఆయన భుజం పట్టుకుని, "ఒరే మునిరత్నం! గోలు కొట్టినోడు ఈ పక్కనుంచి ఆ పక్కకు పరిగెత్తాలగానీ ఊరు దాటి పరిగెత్తేది యాడన్నా ఉండాదా?" అన్నాడు. తర్వాత నా కోసం క్లబ్బు కథ చెప్పాడు. పని చేసేవాళ్ళ పిల్లలు మగ్గాల మధ్య తిరుగుతూ బెల్టుల్లో చేతులు పెడుతుంటే, వాళ్ళను బయటికి లాగడానికి ఆట మొదలుపెట్టాడట. తొలి బంతి వేస్టు నూలు చుట్టిన ఉండ. తొలి నంబర్లు ఎర్ర గుడ్డలోంచి తాత భార్య కన్నమ్మవ్వ కత్తిరించినవి. చిత్తూరులో తొలి పందెం ఆడి, చిత్తుగా ఓడి, దారంతా పాటలు పాడుకుంటూ వచ్చారట.

"ఎవరెవరు ఆడినారో పుస్తకంలో రాసుకోలేదమ్మా. నంబరు అంచు మీదనే రాసుకున్నాం. ఒక్కో ఇంటి కుట్టు ఒక్కో మాదిరి, ఆ సూది రంధ్రాలే గుర్తు. ఏదీ, చూపించు."

ఆయన గమ్మునుండమన్నది ఎందుకో అప్పుడు తెలిసింది. బొంత విప్పాను. తాత వేలితో ఏడు చుట్టూ తడిమి, "అంచు యాడప్పా?" అన్నాడు.

"పీచులు లేచింటే నేనే కత్తిరించినా తాతా" అన్నారు మా ఆయన.

నేను కొత్తవాళ్ళ ముందు నోరు విప్పే మనిషిని కాను. అయినా ఆయన తల దించుకుని నిలబడితే చూడలేకపోయాను. "ఆయన కాదు తాతా. తెలీక నేనే కత్తిరించినాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పక్కన మజ్జిగ కలుపుతున్న కన్నమ్మవ్వ చేయి తుడుచుకుని వచ్చింది. "పోయిన అంచు పోయింది. కుట్టినోళ్ళు నాకు తెలుసులే. ఇట్ల కూసో బిడ్డా" అంది. బొంత కుట్లు విప్పి, ఏడును నా చేతిలో పెట్టి, హరిణి అనే పదేళ్ళ పిల్లను పిలిచింది. ఏడాదిగా నంబరు లేకుండానే ఆడుతోందట. నేను ఆ చొక్కా వీపు మీద ఏడు పెట్టి కుడుతుంటే, అవ్వ ఒక్కో పేరు చెప్పింది.

"ముందు నేను. తరవాత మగ్గాల మంగమ్మ, ఎడమచేత్తో కుట్టేది. ఆమె తరవాత సెల్వి, అరవంలో తిడతా కుట్టింది. ఆ తరవాత మేరీ. మేరీ కొడుకు కాడ్నుంచే మీ ఆయనకు వచ్చింది." నా కుట్టు వైపు చూసింది. "ఇప్పుడు కుట్టాల్సింది రాజమ్మ. ఆమె కోడలు కుడతా ఉండాది."

మా అత్తను నేను ఎన్నడూ చూడలేదు. సూది కనిపించలేదు కాసేపు. ఆయన నా పక్కనే నేల మీద కూర్చుని దారం అందిస్తూ ఉన్నారు. హరిణి చొక్కా తొడుక్కుని, "అక్కా, గట్టిగా కుట్టినావా? నేను శానా పరిగెత్తుతా" అని అడిగి మైదానంలోకి ఉరికింది.

తిరుగు బస్సులో ఆయన నా భుజం మీద తల పెట్టి పుత్తూరు దాకా నిద్రపోయారు. నేను కత్తిరించి పారేసిన అంచు మళ్ళీ రాదు. ఆ నాలుగు పేర్లయినా మరిచిపోకూడదని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. బొంత నడుమ ఏడు ఉన్నచోట ఇప్పుడు ఖాళీగా ఉంది. దానికి మాటు వేయకుండా అలాగే ఉంచాను.

వెళ్ళేవాళ్ళు ఆదివారం తొమ్మిదిలోపు చేరుకోండి, ఎండెక్కితే ఆట ఆపేస్తారు. బస్సులో పోయేటప్పుడైనా సాయంత్రం వచ్చేటప్పుడైనా కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు.