ఆదివారాన్ని సెలవు చేసిన స్క్రిప్ట్

కువైట్ సిటీలో నేను చేరిన సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం ఖాయమైతేనే కుటుంబ వీసాకు కాగితాలిస్తారు. మిష్రిఫ్‌లోని ఒక క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ చూపించి మెప్పిస్తే ఖాయం చేస్తామన్నారు. రాయచోటిలో నా భార్య అప్పటికే సూట్‌కేసు కొనేసింది. ఆగడం ఆమెకు చేతకాదు, నాకూ కాదు.

మా పనిలో ఒక సుఖముంది. క్లినిక్ వేళలు, సెలవుల కోడ్ మేము చేత్తో రాయం. బిల్డ్ చేసేటప్పుడు, అంటే రాసిందంతా కలిపి నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేటప్పుడు, ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ ఆ కోడంతా తానే రాసిపెడుతుంది. మా ఊరివాడే అయిన సీనియర్ అన్న దాన్ని ఎప్పుడో హైదరాబాద్ ఆసుపత్రుల కోసం రాశాడు. అదే ఇక్కడికీ తెచ్చుకున్నాం.

చూపించాల్సింది ఆదివారం పొద్దున. క్లినిక్ యజమాని, కువైటీ డాక్టరమ్మ, నా పక్కనే కూర్చుంది. నేను ఆనాటి తేదీ నొక్కాను. తెరమీద పెద్దక్షరాల్లో వచ్చింది: ఈరోజు సెలవు. శుక్ర, శనివారాలు సెలవుండే దేశంలో, బయట హాలు నిండా రోగులు కూర్చునుండగా.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ కోడ్ ఫైలు తెరిచి, గబగబా ఆదివారం తీసేసి, మళ్ళీ బిల్డ్ కొట్టాను. స్క్రిప్ట్ మళ్ళీ నడిచి, నేను దిద్దిన ఫైలును చెరిపేసి కొత్తది రాసింది. మళ్ళీ సెలవే. ఒళ్ళు మండి కీబోర్డును తిట్టాను. తెలుగులో తిట్టాను కాబట్టి సరిపోయింది.

నాతోపాటు వచ్చిన అన్న నా చెవి దగ్గరకు వంగాడు. "కొళాయి కట్టేయకుండా నేల తుడుస్తాండావేందప్పా? స్క్రిప్టులో మార్చు."

ఒక్క లైను మార్చాను. బిల్డ్ అయ్యింది, క్లినిక్ తెరుచుకుంది. డాక్టరమ్మ నవ్వుతూ ఇంగ్లిషులో అంది, "మీ లెక్కలో ఈరోజు సెలవు. అయినా పనిలోకి వచ్చారు. ఖలాస్, ఇక తేలిపోయింది, నాకిలాంటి వాళ్ళే కావాలి."

ఉద్యోగం ఖాయమైంది. వీసా వచ్చింది, నా భార్య వచ్చింది. నాకు నేలమీద కాలు నిలవలేదు. అబ్బాసియాలోని మా ఇంట్లో మొదటి ఆదివారం, ఆమె పొద్దున్నే కిందికెళ్ళి కోడిమాంసం తెచ్చి మసాలా నూరుతోంది. నేను బూట్లేసుకుంటున్నాను.

"యాడికి? ఆదివారం గూడా ఆఫీసేనా?"

"ఈడ సెలవు మొన్న, నిన్న అయిపాయ."

"ఎవురు మార్చినారు?"

"నేనే," అన్నాను.

ఆమె నన్ను కదలనివ్వకుండా కూర వండి, అన్నకు కూడా చాలేటంత డబ్బాలో పెట్టిచ్చింది. ఆఫీసులో అన్న మూత తీసి వాసన చూశాడు. చేస్తున్న పని ఆపి, కుర్చీ వెనక్కి వాల్చాడు.

"స్క్రిప్టు నేను సరింగానే రాసినాను లేప్పా. ఈపొద్దు సెలవే."