బావగారి హంతకుడు

మొన్న మా మనవరాలు చదివి పక్కన పడేసిన వారపత్రికలో, నవల రాయడం ఎలా, రాసినదాన్ని అమ్మడం ఎలా అని ఎవరో పెద్దమనిషి సలహాలు చెబుతూ, అన్నిటికన్నా ముఖ్యంగా ముగింపు ఎవరికీ చిక్కనివ్వకండి అని రాస్తే, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. ఈ మాటే నేను ముప్పైల నాటి ఏలూరులో, కాలవ గట్టున, మా అక్కయ్య ఇంటి అరుగు మీద విన్నాను. విని నమ్మాను కూడాను.

మా బావగారు ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. రైల్వే స్టేషన్లలో డిటెక్టివు నవలలు జంతికలతో పోటీపడి అమ్ముడుపోతున్న రోజులవి. అది చూసి ఆయన గుమాస్తాగిరీకి దణ్ణం పెట్టేసి నవల మొదలెట్టారు. పుస్తకం అమ్ముడుపోకపోతే మళ్లీ ఆ ప్లీడరుగారి గుమ్మం ముందే చేతులు కట్టుకుని నిలబడాలని ఆయనకీ తెలుసు, అక్కయ్యకీ తెలుసు. అక్కయ్య ఆ సంగతి నోటితో అనకుండా చారులో ఉప్పు తగ్గించి తెలియజేస్తూ ఉండేది. చదువు పూర్తయి, ఏ ఉద్యోగం కన్నూ ఇంకా నా మీద పడలేదు గనక, నన్ను అత్తిలి నుంచి ప్రూఫులకు సాయంగా రప్పించారు.

ఆయన ముందు చివరి ప్రకరణం రాసి, అక్కణ్నుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చారు. ప్రతి ప్రకరణం చివరా ఎవరో తలుపు కొట్టాలన్నది ఆయన సూత్రం. అన్నిసార్లు కొట్టినా ఆ జమీందారు ఇంట్లో గడియ తీసే నౌకరు ఒక్కడూ లేడా అండీ అని అడిగితే, నాకు సాహిత్యం తెలియదన్నారు. జమీందారుని చంపింది ఇంటి వైద్యుడు. ఈ సంగతి ముందే పొక్కితే పుస్తకం కొనేవాడే ఉండడని ఆయన భయం.

ఆ భయానికి అనుమానం పుట్టింది. ప్రెస్సులో కంపోజిటరు సాయిబుగారు అక్షరాలు పేరుస్తూ కాస్త నవ్వితే, గుట్టు గ్రహించేశాడని, చివరి ప్రకరణాన్ని ముక్కలు చేసి తలో ముక్కా తలో మనిషికి ఇప్పించారు. అక్కయ్య పేరంటానికి వెళ్లొస్తే, అక్కడ హత్యల ప్రసక్తి వచ్చిందా అని ఆరా తీశారు. హంతకుణ్ని పట్టుకోవడం తేలికేనండీ బావగారూ, మీరు అనుమానించనివాణ్ని పట్టుకోవడమే కష్టం అన్నాను. ఆ రోజు నుంచి నన్నూ అనుమానించారు.

ఒకనాడు తాడేపల్లిగూడెం స్టేషన్లో పుస్తకాల కొట్టాయనతో ముందుగా మాట్లాడి పెట్టుకుందామని ఇద్దరం పాసింజరెక్కి వెళ్లాం. బావగారు కథను సగం దాకా చెప్పి, హంతకుడెవరో ఊహించండి చూద్దాం అన్నట్టు చేతికర్ర ఊపి ఆగారు. కొట్టాయన తాపీగా నశ్యం పీల్చి, "వైద్యుడే కదండీ? ఏలూరు బండిలో చేపల బుట్టలు తెచ్చేవాళ్లు వారం నుంచీ చెప్పుకుంటున్నారండి" అన్నాడు.

ఇల్లు చేరాక బావగారు, మిగిలిన ప్రూఫులు అవగానే నన్ను అత్తిలి బండెక్కమన్నారు. రాతప్రతి మొత్తం ఆయన కాక చూసినవాణ్ని నేనొక్కణ్నే. ఆయన స్థానంలో డిటెక్టివు ఉన్నా నన్నే పట్టుకునేవాడు.

ఆ రోజుల్లో ప్రూఫులు దిద్దడమంటే, ఒకరు రాతప్రతిని కామాలతో సహా పైకి చదవాలి, ఇంకొకరు అచ్చుకాగితంలో సరిచూసుకోవాలి. బావగారిది నాటకాల గొంతు. మర్నాడు పొద్దున్న రోజూలాగే అరుగు మీద కూర్చుని ఆయన చదవడం మొదలెట్టారో లేదో, కొల్లేటికోట నుంచి పడవ మీద వచ్చి మా అక్కయ్యకు వాడుకగా చేపలు పోసే ఆవిడ బుట్ట దించి మెట్టు మీద కూలబడింది.

"ఏవండీ బాబుగారూ, వైద్యుడే చంపాడని పోయిన వారం చదివారు గదండీ, ఎలా దొరికాడో చదువుతుంటే బుట్టలు గూడెం బండికెక్కించే టైమైపోయిందండి. మా కోటలో అందరూ నన్ను పీక్కుతింటున్నారు. కాస్త అక్కణ్నుంచి ఎత్తుకోండి. అన్నట్టు, మాటిమాటికీ వచ్చే ఆ కామాగారి మీదేనండి మొదట నా అనుమానం!"

గట్టున కట్టిన పడవల్లోంచి నవ్వులు వినిపించాయి. లోపల అక్కయ్య కూడా నవ్వింది. బావగారు ఉద్యోగం మానేశాక ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. బావగారు కాలవకేసి, పడవలకేసి, చేతిలో కాగితానికేసి చూసి, నెమ్మదిగా, "ఏవోయ్, నీ అత్తిలి బండికి తొందరేం లేదులే" అన్నారు. తప్పు ఒప్పుకోవడంలో ఆయన వెళ్లగలిగిన దూరం అంతే.

పుస్తకం వచ్చాక కొల్లేటి లంకల వాళ్లే ముందు కొన్నారు. చదవగలిగిన ఒక్కరు చదువుతుంటే, చంపిందెవరో తెలిసిన పదిమంది, పాపం ఆ వైద్యుడు ఎప్పుడు దొరుకుతాడా అని చుట్టూ కూర్చుని విన్నారట. బావగారు మాత్రం ఆ అమ్మకాలను కూడా అనుమానించారు. రెండో నవల ప్రూఫులు తలుపులు బిడాయించి గుసగుసగా చదివించారు. దాని గుట్టు ఈనాటికీ పదిలంగా ఉంది. ఆయన మళ్లీ ప్లీడరుగారి గుమ్మమెక్కారు.

కాలవలో ఇప్పుడు ఆ పడవలూ లేవు, పైకి చదివే గొంతులూ లేవు. ఇంటికో పుస్తకం ఉంది, ఎవరి పుస్తకం వారి పెదవుల వెనకే ఉంది. మొన్న ఆ వారపత్రిక మూసి, వీధి వరండాలో కూర్చుని, బావగారి నవల ఆఖరి ప్రకరణం కామాలతో సహా గట్టిగా చదివాను, ఎవరైనా బుట్ట దించి మెట్టు మీద కూర్చుంటారేమోనని. ఎదురింటివాళ్లు కిటికీ మూసుకున్నారు.