రేకుల మీది రాళ్ళు

పొద్దున చాయ తాగుతుండగా ఫోను గుర్రుమంది. వాతావరణ హెచ్చరిక. సాయంత్రానికి మా జిల్లాలో ఈదురుగాలులు, ఉరుములు, అక్కడక్కడ వడగళ్ళు, చెట్ల కింద నిలబడవద్దు అని. రాజేంద్రనగర్‌లో మా కాలనీవాళ్ళు ఇలాంటి సందేశం వస్తే చేసే పని ఒక్కటే, ఆరేసిన బట్టలు తీసెయ్యడం. మా ఆవిడ ఆ పని మీద మేడ ఎక్కింది. నేను బాల్కనీలో నిలబడి, శంషాబాద్ వైపు కిందికి దిగుతున్న విమానాన్ని చూస్తూ, తొండుపల్లిలో మా మేనత్త ఈపాటికి మేల్కొని ఆకాశాన్ని అనుమానంగా చూస్తుంటుంది కదా అనుకున్నాను. ఆకాశాన్నొక్కదాన్నే కాదు, ఆమె దేన్నైనా అలాగే చూస్తుంది.

మా నాన్నకు ఆమె ఒక్కగానొక్క చెల్లెలు. పాలవాడు నీళ్ళు కలుపుతాడేమోనని లోకమంతా అనుమానిస్తుంది. మా అత్త మాత్రం కలపని రోజున అనుమానించేది. "ఇయ్యాల పాలు గింత చిక్కగున్నయేంది? వీడు ఏదో తప్పు చేసిండు, గందుకే మంచిగ పోసిండు" అనేది. ఒకసారి దవాఖానలో డాక్టరు అన్ని పరీక్షలూ చేసి నీకేం లేదమ్మా, బాగున్నావని పంపిస్తే, ఆమె తిన్నగా ఇంటికి రాలేదు. రోడ్డవతల ఇంకో దవాఖానకు వెళ్ళి, "ఆ డాక్టరు నాకేం లేదంటున్నడు, అసలేమున్నదో నువ్వన్న చెప్పు" అని కూర్చుంది. ఈ కథ మా బంధువుల ఏ పెళ్ళిలో చెప్పినా నవ్వని వాళ్ళుండరు. ఆమె కూడా నవ్వుతుంది, నవ్వుతూనే చెప్పిన మనిషిని ఓ కంట కనిపెడుతుంది. ఇంత లోకంలో ఆమె అనుమానించనిది నన్నొక్కడినే. యూనివర్సిటీలో గుమాస్తాగా ముప్పై ఏళ్ళు కాగితాలు తిప్పిన మేనల్లుడిని కాబట్టి, ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా నా చేతికిచ్చి, నేను వేలు పెట్టిన చోట సంతకం చేసేది.

ఎప్పుడో విమానాశ్రయానికి భూములు కొలిచిన రోజుల్లో వాళ్ళ రెండెకరాలూ అందులో కలిసిపోయాయి. అప్పటినుంచి టేపు పట్టుకున్న మనిషంటే ఆమెకు గిట్టదు. మిగిలిన ఇంటి జాగాలో మామయ్య బతికుండగానే వరసగా నాలుగు సిమెంటు రేకుల గదులు కట్టించాడు. విమానాశ్రయంలో పనిచేసే వాళ్ళు వాటిల్లో కిరాయికుండేవారు. ఆ కిరాయే ఆమెకు కూడూ గుడ్డా, మందులూ. గదులు ఒక్క సీజను ఖాళీ పడితే ఆమెకు ఇంకో దారి లేదు, జాగా అమ్ముకోవాల్సిందే. అందుకోసం ఒక ప్లాట్ల బ్రోకరు కాచుకుని ఉండేవాడు. ఎప్పుడొచ్చినా "అక్కా, మంచిగున్నవా?" అని పలకరించి, ఆమె మొహం చూడకుండా రేకుల వంక చూసేవాడు. "వాడు నా మంచి అడుగుతలేడు, రేకులు ఎప్పుడు లేస్తయా అని అడుగుతున్నడు" అనేది అత్త. ఈ ఒక్క విషయంలో ఆమె అనుమానం నూటికి నూరుపాళ్ళూ నిజం.

ఉగాది దాటగానే ఆమె గాలివానకు తయారయ్యేది. అంటే నిచ్చెన వేయించి, కిరాయివాళ్ళ చేత రేకుల మీదికి గ్రానైటు రాళ్ళు ఎక్కించడం. గదికి ఐదారు చొప్పున మొత్తం ఇరవై రెండు. ఆ రాళ్ళను ఎవరైనా ఎత్తుకుపోతారని ఒక్కొక్క దాని మీదా ఎర్ర పెయింటుతో గుర్తు పెట్టింది. ఊళ్ళో రాళ్ళకేం కరువు, ఎవడు మోసుకుపోతాడే అత్తా అంటే, "నువ్వు చదువుకున్నోడివి, నీకు తెల్వదు" అనేది. ఇంటికి, గదులకు కలిపి ఇన్సూరెన్సు చేయించింది మాత్రం నేనే. దానికి ఒక ఎండాకాలమంతా పట్టింది. "డబ్బు కడితే గాలి రాకుంట ఆపుతరా?" అంది. ఆపరు అన్నాను. "మరి వచ్చినంక వస్తరా?" వస్తారు అన్నాను. "అంటే గాలి కోసం నాతోపాటు వాళ్ళు గూడ ఎదురుచూస్తరన్నట్టు" అని పెదవి విరిచింది. చివరికి, నేను చెప్పానన్న ఒక్క కారణంతో సంతకం పెట్టింది.

నాలుగేళ్ళ కింద, మే నెలలో ఒక సాయంత్రం వచ్చింది గాలి. హిమాయత్ సాగర్ వైపునుంచి దుమ్ము గోడలా లేచి, పావుగంటలో ఊరంతా చెరిగిపారేసి పోయింది. నేను ఫోను చేసేలోపే ఆమె చేసింది. "రేకులు పోయినయ్ రా బిడ్డా" అంది. వెంటనే, "రాళ్ళు మాత్రం ఒక్కటి పోలే. ఇరవై రెండు ఉన్నయి, లెక్కపెట్టిన" అంది. మనుషులకేం కాలేదు, అందరూ డ్యూటీలో ఉన్నారు. మొదటి రెండు గదుల రేకులు ఎగిరి సందులో పడ్డాయి. మూడు, నాలుగు గదులవి విరిగి గదుల్లోనే కుప్పపడ్డాయి.

కంపెనీకి ఫోను చేస్తే, నష్టం అంచనా వేసే సర్వేయరును పంపుతామన్నారు. నాలుగో రోజు వస్తాడట. అందాకా అత్త ఎవరినీ ఏదీ ముట్టనివ్వలేదు. గదుల చుట్టూ పాత చీరల్ని తాడులా కట్టి, ముందు మంచం వేసుకుని కూర్చుంది. మూడో గదిలో కిరాయికుండే అతను, విమానాల్లోకి సరుకు ఎక్కించే పనివాడు, తన బట్టల పెట్టె తీసుకుంటానంటే, ఆ పెట్టెలో ఏముందో చెప్పించుకుని, తెరిపించి చూసి ఇచ్చింది. ఫొటోలు తీద్దామంటే నన్ను కూడా తీయనివ్వలేదు, అవి తిరిగి తిరిగి బ్రోకరు ఫోనులోకి పోతాయట. "పడ్డది పడ్డట్టు ఉండాలె. వచ్చినోడు కండ్లతోటి చూడాలె" అంది. మంచి సర్వేయరు ఎవరైనా కోరుకునేది కూడా అదేనని నాకు అప్పుడు తెలియదు.

నాకు తెలిసింది వేరే. మా కాలనీలో అన్నీ తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పార్కులో నడుస్తూ ఆయనకు ఈ సంగతి చెబితే, ఆగి నా మొహంలోకి జాలిగా చూశాడు. "రేకుల మీద రాళ్ళున్నాయా? అయిపోయింది. గాలికి కాదు, నీ రాళ్ళకే విరిగాయని రాసి చేతులు దులుపుకుంటారు. వాళ్ళొచ్చేదే ఎగ్గొట్టడానికి" అన్నాడు. ఆ మాట నన్ను తినేసింది. అత్త అనుమానాలకు పడీపడీ నవ్వేవాడిని, ఈయన అనుమానం ప్యాంటూ చొక్కా వేసుకుని వచ్చేసరికి తెలివితేటలనుకున్నాను. ఎంత వెధవని!

సర్వేయరు వచ్చే రోజు తెల్లవారగానే తొండుపల్లి చేరాను. నన్ను చూసి అత్త మొహం తేటపడింది. "నువ్వొచ్చినవ్ గద, ఇగ నాకు ఫికరు లేదు. జర ఈడ కూసో, పాలు తెచ్చుకోని, గుడికి పోయొస్త" అని, నాలుగు రోజులుగా ఎవరికీ వదలని మంచం నాకు వదిలి వెళ్ళింది. ఆమె సందు మలుపు తిరిగిందో లేదో, నేను మూడో గది అతన్ని పిలిచాను. రాళ్ళన్నీ వెనక ప్లాటులో పిచ్చిచెట్ల మధ్య పడేద్దామన్నాను. అతను తల గోక్కున్నాడు. "అమ్మకు చెప్పకుంటనా సార్? ఆమె లెక్క చూస్కుంటది" అన్నాడు. నేను చెప్తాలే అన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను, డబ్బు చేతికొచ్చాక నవ్వుతూ చెబుదామని. గదుల్లోంచి ఒకటి రెండు, సందులోంచి, గోడ అవతలినుంచి మిగతావి, ఇద్దరం మోశాం. అతనికి బరువులు అలవాటే. నాకు నడుం పట్టేసింది.

సర్వేయరు చెప్పిన టైముకన్నా ముందే వచ్చాడు, అత్త కూడా పాలగిన్నెతో అప్పుడే గేటు తీస్తోంది. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు, కోస్తావైపు మనిషి. "నమస్కారమండీ, చాలా ఇబ్బంది పడ్డట్టున్నారు, ముందు మీరు కాస్త స్థిమితంగా కూర్చోండమ్మా" అన్నాడు. అత్త నా చెవి దగ్గరికొచ్చి, "గంత మర్యాదేందిరా? ఏదో ఉన్నది" అంది. అతని కార్డు అడిగి, అందులోని ఫొటోను, మనిషిని మూడుసార్లు మార్చి మార్చి చూసింది. అతను సంచిలోంచి టేపు తీసేసరికి ఆమె పాలగిన్నె కింద పెట్టి అడ్డం నిలబడింది. గదులే కొలుస్తాడు, జాగా కాదు అని నేను సర్దిచెప్పాల్సొచ్చింది. అయినా అతని వెనకే గది గదికీ నడిచింది. మూడో గది గుమ్మంలో టక్కున ఆగిపోయింది.

"నా రాళ్ళేవి?"

"తర్వాత చూద్దాంలే అత్తా" అన్నాను. ఆమె వినిపించుకునే స్థితిలో లేదు. చీరల తాడు దాటి లోపలికి, సందులోకి, గోడ అవతలికి తిరిగి చూసి, "ఇరవై రెండు రాళ్ళు! పొద్దుగాల లెక్కపెట్టిన! దొంగముండాకొడుకులు, నా రాళ్ళు ఎత్తుకపోయిన్రు!" అని గొంతెత్తింది. సర్వేయరు పెన్ను ఆపి, "ఏ రాళ్ళమ్మా?" అన్నాడు. "ఏ రాళ్ళేంది సారూ, రేకుల మీద పెట్టిన రాళ్ళు! గాలికి రేకులు పోయినయి గని రాళ్ళు పోలే. గిప్పుడు రాళ్ళు పోయినయి" అంటూనే మూడో గది అతని చొక్కా పట్టుకుంది. "నువ్వే! నీ మీద నాకు మొదటినుంచి అనుమానమే! యాడ అమ్మినవ్ రా?" అతను నా వైపు ఒక్కసారి చూసి, తల దించుకున్నాడు. నా పేరు చెప్పలేదు. నా వయసులో సగం ఉండదు అతనిది. నాకప్పుడు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు.

"అతను కాదత్తా. నేను తీయించాను" అన్నాను.

ఆమె చెయ్యి చొక్కా మీదనుంచి జారింది. సర్వేయరు నన్ను చూసి తల అటూ ఇటూ ఊపాడు. "రేకుల మీద రాళ్ళు లేని ఇల్లు ఈ పక్క ఊళ్ళలో నేనింతవరకు చూడలేదండీ. రాళ్ళుండటం తప్పు కాదు, అవెక్కడ పడ్డాయో నాకు కావాలి. రాయి బరువుకు రేకు విరిగితే రెండూ కలిసి గదిలోనే పడతాయి. గాలికి రేకు లేచి విరిగితే రాయి దొర్లి గోడ అవతల పడుతుంది. ఉన్నవి ఉన్నట్టు ఉంచితే ఐదు నిమిషాల పని" అన్నాడు. ఆ రెండు గదుల రాళ్ళు దాదాపు అన్నీ నేను గోడ అవతలినుంచే ఎత్తాను. నా నడుమే సాక్ష్యం. అదే చెప్పాను, మూడో గది అతను కూడా ఔను సారూ అన్నాడు. "ఉండొచ్చండీ. కానీ రాళ్ళు దాచిన మనిషి ఇప్పుడు చెబితే, నేను ఏమని రాయను?" అన్నాడాయన. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే పోట్లాడి ఉండేవాణ్ణి, నాకసలే నోరు పెద్దది.

రేకులు సందులో పడి ఉన్నాయి కనుక మొదటి రెండు గదులకూ డబ్బు మంజూరైంది. మిగతా రెంటికీ కారణం తేలలేదని రాలేదు. నేను వేయిస్తాను రేకులు అన్నాను, బతిమాలాను. "వద్దు బిడ్డా, నీ సంసారం నీకున్నది" అంది. వానలు మొదలయ్యాయి. మూడో గది అతను చెప్పిపెట్టకుండా శంషాబాద్‌లో ఇంకో గది చూసుకున్నాడు. దసరా లోపల ఆ రెండు గదుల జాగా బ్రోకరు చేతిలోకి పోయింది. ఇప్పుడక్కడ మూడంతస్తుల హాస్టలు ఉంది, మధ్యాహ్నం దాటితే దాని నీడ అత్త వాకిట్లో పడుతుంది. అత్త మిగిలిన రెండు గదుల కిరాయితో ఉన్న ఇంట్లోనే ఉంది. ఇన్సూరెన్సు మానలేదు, కాకపోతే కాగితాలు పక్కింటి కోడలి చేత చదివించుకుంటోంది.

ఆ రోజు సర్వేయరు వెళ్ళిపోయాక ఆమె పాలు కాచి, ముగ్గురికీ చాయ పెట్టింది. మూడో గది అతనికి ముందు ఇచ్చింది. నా గ్లాసు అందిస్తూ, "నన్ను ఒక్క మాట అడిగితే అయిపోతుండె గద బిడ్డా" అంది. అంతే. పాలవాణ్ణి, కండక్టరును, డాక్టరును, దేవుణ్ణి కూడా నోరారా తిట్టే మనిషి, నన్ను ఆ రోజూ తిట్టలేదు, ఆ తర్వాతా తిట్టలేదు. ఎప్పుడు వెళ్ళినా కుర్చీ వేసి, మర్యాదగా మాట్లాడుతుంది. తిట్టి ఉంటే ఆ పొద్దు ఆ పొద్దుతోనే అయిపోయేది. తిట్టలేదు కాబట్టి, నాలుగేళ్ళయినా నాకది ఇంకా అయిపోలేదు.